అరణంగా వచ్చిన బొంబాయి, కేథరీన్ రాణి: అపోహలు, వాస్తవాలు

డిగ్రీ తరగతుల్లో ఆధునిక భారతదేశ చరిత్ర బోధించే నాకు, పోటీపరీక్షల గైడ్లలో కనిపించే ఒక వాక్యం ఏటా ఎదురవుతూనే ఉంటుంది: “1661లో పోర్చుగల్ రాకుమారి కేథరీన్‌ను పెళ్లాడిన ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కు బొంబాయి కట్నంగా లభించింది.” నిజానికి 1661 జూన్ 23న జరిగింది ఒప్పందం, పెళ్లి పోర్ట్స్‌మత్‌లో 1662 మే 21న జరిగింది. అయితే తేదీకంటే పెద్ద పొరపాట్లు ఈ కథ చుట్టూ చాలా అల్లుకున్నాయి.

అపోహ: పెళ్లితోనే బొంబాయి నగరం ఇంగ్లండ్ చేతికి వచ్చింది.

వాస్తవం: అప్పటికి అక్కడ నగరమే లేదు, సముద్రపు పాయలు విడదీసిన ఏడు దీవులు, వాటి మీద కొబ్బరితోటలు, బెస్తపల్లెలు ఉండేవి. ఒప్పందంలో బొంబాయి రేవు, దీవి అని రాసుకున్నారే గాని దాని హద్దులు ఎక్కడిదాకా అన్నది స్పష్టంగా రాసుకోలేదు. 1662 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ ఓడలు వచ్చి పక్కనే ఉన్న సాల్సెట్ దీవి కూడా తమదేనని అడిగితే, ఇంగ్లీషువాళ్లు బొంబాయిలో కాలు పెట్టిన రోజే ఇండియా చేజారుతుందని నమ్మిన పోర్చుగీసు వైస్రాయ్ అధికారపత్రాల్లో లోపాలు చూపి అసలు దీవినే అప్పగించలేదు. దిగడానికి చోటు దొరకని సైన్యం కార్వార్ దగ్గరి అంజదీవ్ దీవిలో మకాం వేసి జబ్బులతో రాలిపోయింది. దాని నాయకుడు అబ్రహాం షిప్‌మన్ కూడా 1664లో అక్కడే చనిపోయాడు. చివరికి 1665 ఫిబ్రవరి 18న అతని స్థానంలోకి వచ్చిన హంఫ్రీ కుక్ బొంబాయిని స్వాధీనం చేసుకున్నాడు. సాల్సెట్, దానికి ఉత్తరాన ఉన్న వసాయి మాత్రం పోర్చుగీసుల దగ్గరే ఉండిపోగా, తర్వాత 1737-39 మధ్య మరాఠాలు వాటిని గెలుచుకున్నారు. రాబడికంటే ఖర్చే ఎక్కువైన ఈ అరణాన్ని చార్లెస్ 1668లోనే ఏడాదికి పది పౌండ్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

‘కట్నం’ అన్న మాట దాచిపెట్టే సంగతి మరొకటి ఉంది. 1640లో స్పెయిన్ నుంచి విడివడి, కేథరీన్ తండ్రి నాలుగో జోవావ్‌ను రాజుగా నిలబెట్టుకున్న పోర్చుగల్‌కు ఇంగ్లండ్ సైనిక సహాయం కావాలి. అందుకే బొంబాయితో పాటు ఆఫ్రికా తీరంలోని టాంజియర్ రేవును, వ్యాపార హక్కులను, ఇరవై లక్షల క్రుజాదోల (పోర్చుగీసు నాణేల) సొమ్మును ఇవ్వజూపింది. ఆ సొమ్ములో తొలి సగం కోసం వచ్చిన ఇంగ్లీషువారికి లిస్బన్‌లో దక్కింది ఎక్కువగా పంచదార, సరుకులు, హుండీలు (తర్వాత సొమ్ము చెల్లిస్తామన్న పత్రాలు).

అపోహ: ఇంగ్లండ్‌కు తేనీటిని పరిచయం చేసింది కేథరీన్.

వాస్తవం: ఆమె రాకముందే, 1658లో లండన్ పత్రికలో తేనీటి ప్రకటన వచ్చింది, 1660 సెప్టెంబర్ 25న తేనీరు తెప్పించుకుని తాగానని లండన్‌లోని నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ దినచర్యలో రాసుకున్నాడు. చైనా తీరంలోని పోర్చుగీసు స్థావరం మకావు వ్యాపారం పుణ్యమా అని తేనీటికి అలవాటుపడిన పోర్చుగల్ ఆస్థానం నుంచి వచ్చిన రాణి, దానిని ఇంగ్లండ్ అంతఃపురపు మర్యాదగా మార్చిందనడం సబబు.

అపోహ: ఆమె నోరు లేని భార్య.

వాస్తవం: ఇంగ్లీషు రాకుండానే మెట్టినింట అడుగుపెట్టిన కేథరీన్‌తో రాజు స్పానిష్‌లో మాట్లాడేవాడు. ఆమె తల్లి స్పెయిన్ ఆడపడుచు. భర్త తన ప్రియురాలు బార్బరా విల్లియర్స్‌ను రాణి పరిచారికల జాబితాలో చేర్చినప్పుడు, కేథరీన్ ఆ పేరు కొట్టివేసి, పుట్టింటికి వెళ్లిపోతానని మొండికేసింది. ఆ పోరులో చివరికి ఓడిపోయింది, నిజమే. కాథలిక్ మతాన్ని మాత్రం వదలలేదు. ప్రొటెస్టెంట్ దేశమైన ఇంగ్లండ్‌లో ఆ మతం కారణంగానే రాణిగా ఆమెకు కిరీటధారణ జరగలేదు. సంతానం కలగకపోయినా, 1678లో కాథలిక్కుల కుట్ర అంటూ కట్టుకథ అల్లిన టైటస్ ఓట్స్ ఆమె రాజుకు విషం పెట్టబోయిందని అభాండం వేసినా, చార్లెస్ విడాకుల మాటకు ఒప్పుకోలేదు. పరస్త్రీల విషయంలో ఏ హద్దూ పాటించని ఆ మనిషి ఈ ఒక్క చోట భార్య పక్షాన నిలబడటం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అపోహ: 1685లో చార్లెస్ మరణంతో ఆమె కథ ముగిసింది.

వాస్తవం: మన పుస్తకాలు పూర్తిగా వదిలేసిన భాగం ఇదే. ఆమె 1692లో ఇంగ్లండ్ విడిచి పోర్చుగల్‌కు తిరిగివెళ్లి, లిస్బన్‌లో బెంపోస్తా భవనం కట్టించుకుంది. స్పెయిన్ వారసత్వ యుద్ధం నడుస్తుండగా, తమ్ముడు రెండో పెద్రో రాజ్యభారం వహించలేని స్థితిలో ఉన్నప్పుడు, 1704-05లో అతని బదులు రాజప్రతినిధిగా దేశాన్ని పాలించింది. ఆమె పాలనలోనే పోర్చుగల్ సేనలు సరిహద్దులోని కొన్ని స్పానిష్ పట్టణాలను పట్టుకున్నాయి. 1705 డిసెంబర్ 31న, అరవై ఏడేళ్ల వయసులో, ఆమె ఆ బెంపోస్తా భవనంలోనే కన్నుమూసింది.