5 మీటర్లు దాటిన యూఎస్‌బీ కేబుల్: అపోహలు - వాస్తవాలు

రాజాం, బొబ్బిలి వైపు రైసు మిల్లుల్లో కాటా గది గేటు దగ్గర, ఆఫీసు లోపల. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో కంప్యూటరు ముందు గదిలో, లేబుల్ ప్రింటరు ప్యాకింగ్ షెడ్డులో. మధ్యలో లాగిన యూఎస్‌బీ కేబులే గొడవంతా తెస్తుంది.

అపోహ: మంచి కేబుల్ కొంటే 15 మీటర్లయినా పనిచేస్తుంది.

వాస్తవం: యూఎస్‌బీ 2.0కి 5 మీటర్ల హద్దు టైముని బట్టి పెట్టింది. కంప్యూటరు అడిగాక సుమారు మైక్రోసెకనున్నరలో జవాబు రాకపోతే అది ఇక ఎదురుచూడదు. దారిలోని హబ్బులు (ఒక పోర్టుని పలు పోర్టులుగా చేసే డబ్బీలు), కేబుళ్లు అన్నీ ఆ గడువులోనే సర్దుకోవాలి కాబట్టి ఒక్కో కేబులుకి 26 నానోసెకన్లే ఇచ్చారు. ఎంత మంచి రాగి అయినా సిగ్నలు అంతకంటే తొందరగా పోదు.

అపోహ: లైటు వెలిగింది, కరెంటు అందుతున్నట్టే.

వాస్తవం: లైటుకి కావలసింది కొన్ని మిల్లీ ఆంపియర్లే. వేలిముద్ర స్కానరు పని మొదలుపెట్టి ఎక్కువ లాగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. 28 గేజి వైరు (గేజి అంకె పెరిగితే వైరు సన్నం) మీటరుకి 0.21 ఓములు; 5 మీటర్ల కేబుల్లో పోనూ రానూ 10 మీటర్లు, అంటే 2.1 ఓములు. అర ఆంపియరు లాగితే 1.05 వోల్టులు దారిలోనే పోయి, 5కి బదులు 3.95 మిగులుతుంది. అదే 24 గేజి అయితే పోయేది 0.42 వోల్టే. కేబుల్ ఒంటిమీద 28 ఏడబ్ల్యూజీ/1పి, 24 ఏడబ్ల్యూజీ/2సి అని ఉందా చూడండి. ఏడబ్ల్యూజీ అంటే గేజే; రెండో అంకె కరెంటు వైర్లది. అది కూడా 28 అయితే పక్కన పెట్టేయండి.

అపోహ: రిపీటర్ కేబుళ్లు ఎన్నయినా కలుపుకుంటూ పోవచ్చు.

వాస్తవం: సిగ్నలుని మళ్లీ బలంగా ముందుకి పంపే ఒక్కో రిపీటరూ ఒక హబ్బే. వరసగా 5 హబ్బులకి మించకూడదు, మొత్తం 30 మీటర్లు. కొన్ని కంప్యూటర్లలో ముందు పోర్టు వెనక ఇంకో హబ్బు దాగి ఉంటుంది, అదీ లెక్కలోకే.

అపోహ: క్యాట్ 6 ఎక్స్‌టెండరంటే ల్యానే కదా, స్విచ్‌లో పెట్టొచ్చు.

వాస్తవం: ఇది యూఎస్‌బీ సిగ్నలుని ల్యాన్ తీగ మీద దూరానికి పంపే రెండు డబ్బీల జత. సాకెట్ ఒకటే, లోపల నడిచేది వేరు. ల్యాన్ తీగలోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్‌కి తగిలిస్తే డబ్బీ కాలిపోవచ్చు కూడా. అడాప్టరు లేని చవక జతలు మౌసు, కీబోర్డుకి సరి, కెమెరాకి పనికిరావు. చిప్పూ అడాప్టరూ ఉన్నవి 50 మీటర్ల దాకా లాగుతాయి, క్రింపింగ్ (తీగ కొసకి ప్లగ్గు బిగించడం) సరిగ్గా ఉంటేనే. రెండు కొసల్లో రంగులు ఒకేలా ఉంటే చాలనుకుని నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత అని వరసగా పెట్టేస్తారు. 3, 6 పిన్నులకి ఒకే జత వెళ్లాలి; ఇలా పెడితే రెండు వేర్వేరు జతల్లోంచి వెళ్తాయి. ల్యాన్ టెస్టరులో 8 లైట్లూ వెలుగుతాయి, డేటా మాత్రం తెగుతుంటుంది. రెండు కొసలా 568బీ అనే ప్రామాణిక రంగుల వరసే వాడండి. ప్రింటరుకే ల్యాన్ సాకెట్ ఉంటే ఈ డబ్బీల బాధే లేదు, 100 మీటర్ల దాకా నేరుగా వేసుకోవచ్చు.

అపోహ: కాటా ఇండికేటరు దగ్గరనుంచే యూఎస్‌బీ లాగాలి.

వాస్తవం: ఇండికేటరుకి (బరువు చూపే డబ్బీకి) సాధారణంగా 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. దూరం ఆ వైపు పెట్టి, యూఎస్‌బీ కన్వర్టరుని కంప్యూటరు పక్కనే ఉంచండి. 15 మీటర్లు దాటితే రెండు కొసలా ఆర్‌ఎస్-485 కన్వర్టర్లు (సీరియల్ సిగ్నలుని ఎక్కువ దూరం పంపేవి) పెట్టండి, కిలోమీటరు దూరమైనా అందుకుంటాయి. కాటా గదికి, ఆఫీసుకి ఎర్తింగ్ వేరయితే మాత్రం మధ్యలో ఏ రాగి తీగా వద్దు. మన వైపు పిడుగులకి రెండు కొసలా బోర్డులు పోతాయి. అక్కడ ఫైబరే వేయాలి, అందులో కరెంటు రాదు కాబట్టి అవతలి కన్వర్టరుకి విడిగా అడాప్టరు పెట్టాలి.