టీ ఒకటి, రాత ఇంకొకటి: ఆన్‌లైన్ టీ షాపుల్లో కాపీ వివరాలు, కొన్ని అపోహలు – వాస్తవాలు

ఆన్‌లైన్‌లో టీ అమ్మే చిన్న షాపులకు నేను వివరాలు రాసిపెడతాను. ఏ ఆకు, ఎప్పుడు కోశారు, రుచి ఎలా ఉంటుంది, ఎలా కాచుకోవాలి, ఇవన్నీ. ఈ పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒక షాపు రాత ఇంకో షాపులో అక్షరం మారకుండా కనిపించడం. ఎందుకు కాపీ చేశారని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ ఇవే.

అపోహ: డార్జిలింగ్ అంటే డార్జిలింగే. పక్క షాపువాళ్ళు రాసింది మన టీకీ సరిపోతుంది.

సరిపోదు. ఒకే తోటలో, ఒకే మొక్క నుంచి ఏడాది పొడవునా ఒకే రుచి రాదు. ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ దాకా వచ్చే తొలి కోతను ఫస్ట్ ఫ్లష్ అంటారు. డికాక్షన్ లేత పసుపుగా ఉంటుంది, పూల వాసన వస్తుంది, నాలుక మీద కొంచెం వగరు తగులుతుంది. మే, జూన్‌లలో వచ్చే సెకండ్ ఫ్లష్ రాగి రంగులో, చిక్కగా ఉంటుంది. డార్జిలింగ్‌కు పేరు తెచ్చిన ‘మస్కటెల్’ వాసన ఎక్కువగా ఈ కోతలోనే దొరుకుతుంది. ఆ వాసన వెనుక పురుగులు ఉన్నాయి. మన పత్తి రైతులు పచ్చదోమ, తామర పురుగు అని తిట్టుకునే వాటి చుట్టాలే అక్కడ టీ చిగుళ్ళ రసం పీలుస్తాయి. మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని వాసన ద్రవ్యాలు తయారుచేసుకుంటుంది. ఆ ఆకును జాగ్రత్తగా వాడ్చి, నలిపితే పండిన ద్రాక్షను, తేనెను గుర్తుచేసే వాసన వస్తుంది. తర్వాత వానాకాలపు కోత, ఆ తర్వాత అక్టోబరు, నవంబరులలో ఆటమ్ ఫ్లష్. వాటి స్వభావాలు మళ్ళీ వేరు.

నాకు తెలిసిన ఒక షాపు ఆటమ్ ఫ్లష్ కొని, దాని కింద వేరే షాపు సెకండ్ ఫ్లష్‌కు రాసిన వివరం పెట్టింది. కొన్నవాళ్ళలో ఒకరు, “ద్రాక్ష వాసన ఎక్కడండీ? పాత సరుకు అంటగట్టారా?” అని రివ్యూ రాశారు. ఆ షాపాయన సరుకు పంపినవాళ్ళకు ఫోన్ చేసి గొడవపడ్డాడు. నాకు ఆ టీ పంపితే కాచి చూశాను. శుభ్రమైన టీ, మెత్తగా, తియ్యగా ఉంది. దానిలో లేని గుణాన్ని దానికి అంటగట్టిన రాతదే తప్పు. అంత మంచి ఆకుకు ఒక స్టార్ రేటింగ్ రావడం చూసి నిజంగా కడుపు తరుక్కుపోయింది.

అపోహ: సప్లయర్ ఇచ్చిన వివరం వాడుకుంటే అది కాపీ కాదు కదా.

వాళ్ళే వాడుకోమంటే దొంగతనం కాదు, నిజమే. కానీ ఆ కాగితం ఏ లాటుకు, అంటే ఏ విడత సరుకుకు రాశారో చూసుకోవాలి. డార్జిలింగ్ తోటల నుంచి వచ్చే లాట్లకు డీజే-1, డీజే-2 లాంటి ఇన్‌వాయిస్ నంబర్లు ఉంటాయి. నంబరు మారితే సరుకు మారినట్టే. మీరే నిరుడు రాసుకున్న వివరాన్ని ఈ ఏడాది టీ కింద పెట్టినా నా దృష్టిలో అది కాపీయే.

అపోహ: నెట్‌లో ఉన్నది అందరిదీ. కాపీరైట్ గుర్తు లేకపోతే తీసుకోవచ్చు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం సొంతంగా రాసిన రచనకు రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గుర్తు పెట్టాల్సిన పనీ లేదు. అయితే వాస్తవాల మీద ఎవరికీ హక్కు లేదు. తోట పేరు, ఎత్తు, కోసిన నెల, ఏవీ-2 లాంటి మొక్క రకం, ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి గ్రేడు ఎవరైనా రాయొచ్చు. వాటిని ఒకరు చెప్పిన తీరును మాత్రం ఎత్తుకోకూడదు. అక్కడక్కడా నాలుగు మాటలు మార్చినంత మాత్రాన అది మీది అయిపోదు.

అపోహ: కాపీ చేస్తే గూగుల్ శిక్ష వేస్తుంది. అందుకే ఏఐతో తిరగరాయిస్తున్నాం.

మామూలుగా ఒకే రాత రెండు చోట్ల ఉందని గూగుల్ శిక్ష వేయదు. ఒకేలా ఉన్న పేజీల్లో ఒకదాన్ని చూపించి మిగతావాటిని పక్కన పెడుతుంది. ఆ ఒక్కటీ మీదే అవుతుందన్న హామీ లేదు, అంతే. ఏఐ సంగతి అంటారా, అది మీ టీ తాగలేదు. తప్పు వివరాన్ని ఎంత అందంగా తిరగరాసినా అది తప్పు వివరమే.

అపోహ: బరువు తగ్గుతారు, షుగర్ తగ్గుతుంది అని అందరూ రాస్తున్నారు. మనమూ రాస్తే ఏమవుతుంది?

దయచేసి ఈ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడి నుంచీ తెచ్చుకోకండి. ఆహార పదార్థాల ప్రకటనలకు, ఆరోగ్య దావాలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు చట్టంలో 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. పక్కవాళ్ళు రాశారు కాబట్టి రాశానంటే అక్కడ చెల్లదు. జరిమానా కంటే నాకు ఎక్కువ భయం వేరే ఉంది. మీ పేజీ చదివి ఎవరైనా షుగర్ మాత్రలు మానేస్తే?

అపోహ: కాచే పద్ధతి ఎక్కడ చూసినా ఒకటే, దాన్ని కాపీ చేస్తే నష్టం లేదు.

నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా వాడేది సీటీసీ, అంటే గుండ్రటి గుళికల టీ. దాన్ని పాలతో మరిగించాలి, అప్పుడే దాని బలం తెలుస్తుంది. అదే వాక్యాన్ని ఫస్ట్ ఫ్లష్ కింద పెడితే వేలు పోసి కొన్న ఆకు పాలల్లో మరిగి చేదెక్కుతుంది. దానికి 200 మిల్లీలీటర్ల నీళ్ళకు 3 గ్రాముల ఆకు, 85 నుంచి 90 డిగ్రీల వేడి, 3 నిమిషాలు చాలు.

అపోహ: రుచి గురించి రాయాలంటే పెద్ద టీ టేస్టర్ అయి ఉండాలి.

అక్కర్లేదు. నేను ప్రతి టీనీ మూడుసార్లు కాస్తాను. ఒకసారి సరైన కొలతతో, ఒకసారి మర్చిపోయినట్టు 6 నిమిషాలు వదిలేసి, ఒకసారి పాలతో. కొనేవాళ్ళు ఇంట్లో ఈ మూడూ చేస్తారు. తర్వాత ఇంట్లోవాళ్ళకు ఇచ్చి ఏమనిపించిందో అడుగుతాను. ఒక గ్రీన్ టీ వాసన చూసి మా అమ్మ, “ఉడికిన మొక్కజొన్న కండె వాసనే ఇది” అంది. అదే రాశాను. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తిని పెరిగిన హైదరాబాదీకి ‘మస్కటెల్’ అంటే ఏ వాసనా గుర్తురాదు. మొక్కజొన్న అంటే వెంటనే వస్తుంది.

ఆ ఆటమ్ ఫ్లష్‌కు కూడా ఇలాగే కాచి కొత్తగా రాసిచ్చాను: “అక్టోబరు కోత. రాగి రంగు డికాక్షన్. వగరు తక్కువ, చివర్లో కొద్దిగా బెల్లం తీపి. ద్రాక్ష వాసన కోరుకునేవాళ్ళు మే, జూన్ కోత కోసం ఆగండి.” చివరి వాక్యం తీసేద్దామని షాపాయన అడిగాడు, అమ్మకం పోతుందని. ఉంచమని బతిమాలాను. ఉంచాడు.