తవుడులో పోయింది, డబ్బాలో వచ్చింది

బరంపురంలో ఏ బియ్యం కొట్టు ముందు నిలబడినా రెండు రకాల బస్తాలు కనబడతాయి. ఒకటి ఉసునా, అంటే మన ఉప్పుడు బియ్యం. రెండోది అరువా, పచ్చి బియ్యం. ఒడియా ఇళ్లలో రోజువారీ అన్నానికి ఎక్కువగా ఉసునా, తెలుగు ఇళ్లలో ఎక్కువగా సన్నని తెల్లని అరువా. పక్కనే మందుల షాపులో ఇప్పుడు ఒక అర నిండా మల్టీవిటమిన్లు, మోకాళ్ల బిళ్లలు, కొలాజెన్ పొడులు, 'యాంటీ ఏజింగ్' డబ్బాలు. ఆ బస్తాలకూ ఈ అరకూ ఉన్న చుట్టరికం చాలా పాతది.

బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కిందిది, కనుక ఇక్కడి జబ్బుల సంగతులు మద్రాసు సైన్యపు డాక్టర్లు రాసిపెట్టారు. వాళ్లలో జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ 1835లో బెరిబెరి మీద ఒక పుస్తకమే వేశాడు. కాళ్లు తిమ్మిరెక్కి, ఒంటికి నీరు పట్టి, చివరికి గుండె ఆగిపోయే ఆ జబ్బుకు గంజాం మొదలు గుంటూరు దాకా ఉన్న ఈ ఉత్తర సర్కారు తీరం పేరుపడ్డ చోటు. కారణం చాలాకాలం తర్వాత తేలింది. పచ్చి వడ్లు ఆడించి తెల్లగా పాలిష్ పడితే బి1, అంటే థయమిన్ ఉండే పైపొర తవుడులో పోతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి ఆడిస్తే ఆ బి1 ముందే గింజ లోపలికి ఇంకి కొంతైనా నిలుస్తుంది. పచ్చి బియ్యంలో మిగిలిన కాస్తనూ మనం మూడు నీళ్లు కడిగి, గంజి వార్చి కాలవలో పోస్తాం, ఎందుకంటే అది నీళ్లలో కరిగే విటమిన్. గంజి తాగే ఇల్లు లేనివాళ్ల ఇల్లనుకుంటారు గాని, బి1 వరకూ అదే కలిగినవాళ్ల ఇల్లు.

1890లలో జావాలో డచ్చి డాక్టరు ఐక్‌మన్ పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడటం గమనించాడు. 1912లో పోలెండు శాస్త్రజ్ఞుడు ఫంక్ 'విటమిన్' అన్న మాట పుట్టించాడు. 1918లో కూనూరులో బ్రిటిష్ డాక్టరు మెక్‌కారిసన్ పెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, హైదరాబాదుకు తరలి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1926లో జాన్సెన్, డోనత్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు తవుడు నుంచే బి1 స్ఫటికాలు తీశారు. 1936లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది నెల్లూరులో. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీ సాధించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. విటమిన్ బిళ్ల చరిత్రలో తెలుగు నేల ఇంత దగ్గరగా ఉందని మన పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవు.

ఇక్కడి వరకూ లెక్క తిన్ననిది: లోపం ఉంది, చిటికెడు ఇస్తే మనిషి లేచి నడుస్తాడు. దారి తప్పింది ఆ తర్వాత. కొంచెం ప్రాణం నిలబెడితే, చాలా ఇస్తే ఆయుష్షు పెరుగుతుందన్న ఆశ బయల్దేరింది. 1956లో డెన్హమ్ హార్మన్, ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువుల వల్లే ముసలితనం వస్తుందని సిద్ధాంతం చేశాడు. 1970లో నోబెల్ గ్రహీత లైనస్ పాలింగ్ జలుబుకు విటమిన్ సి పెద్ద మోతాదుల్లో వాడమన్నాడు. యాంటీఆక్సిడెంట్, అంటే ఆ ఫ్రీ రాడికల్స్‌ను అణిచేది, అన్న మాట డబ్బాల మీదికి ఎక్కింది ఈ ఊపులోనే.

పరీక్షకు పెడితే కథ అడ్డం తిరిగింది. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే యాంటీఆక్సిడెంట్) మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అది 1994. 1996లో అమెరికాలో అలాంటిదే ఇంకో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2011లో విటమిన్ ఇ రోజుకు 400 యూనిట్లు వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని తేలింది. విచిత్రమేమిటంటే ఫిన్లండు ఫలితం వచ్చిన 1994లోనే అమెరికా సప్లిమెంట్లను ఆహారం కింద లెక్కగట్టి, అమ్మే ముందు పనిచేస్తుందని రుజువు చూపనక్కర్లేని చట్టం చేసింది. నేటి బజారు ఆ చట్టం నీడలో పెరిగింది.

మన దగ్గర 2006 ఆహార భద్రత చట్టంలో వీటికి చోటు దొరికింది, 2016లో నిబంధనలు వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. అందుకే ఒకే షాపులో ఒకే విటమిన్ రెండు వేషాల్లో ఉంటుంది. ఔషధ లైసెన్సుతో వచ్చింది మందు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరుతో, 'హెల్త్ సప్లిమెంట్', 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అన్న మాటలతో వచ్చింది ఆహారం. రెండోదానితో షుగరు, కీళ్లనొప్పులు నయమవుతాయని చెప్పి అమ్మితే అది చట్టం ఒప్పుకోని మాట.

దీర్ఘాయుష్షు వేలం మాత్రం ఆగలేదు. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం మీద ఆశతో మందుల కంపెనీ గ్లాక్సో 2008లో 72 కోట్ల డాలర్లకు కొన్న కంపెనీని 2013లో మూసేశారు. ఒంట్లోనే తయారయ్యే టారిన్ అనే పదార్థం వయసుతో తగ్గిపోతుందని 2023లో పెద్ద వార్త, 2025లో మరో అధ్యయనం మనుషుల్లో అలా తగ్గడం లేదంది. అదే ఏడాది స్విట్జర్లండులో 777 మంది వృద్ధులకు మూడేళ్లు రోజుకో గ్రాము ఒమేగా-3 కొవ్వు ఇచ్చి చూస్తే, రక్తంలోని డీఎన్ఏ గుర్తులతో లెక్కగట్టే వయసు సుమారు మూడు నెలలు వెనక్కి తగ్గింది. మూడేళ్లకు మూడు నెలలు, అదీ లెక్కలో. డబ్బా మీద ఈ వాక్యం ఎవరూ అచ్చువేయరు.

అయినా పెద్దవయసులో నిజంగా కొరతపడేవి కొన్ని ఉన్నాయి. బి12 అందులో మొదటిది. అరవై దాటాక కడుపులో ఆమ్లం తగ్గి తిండిలోని బి12 సరిగా విడిపోదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు ఇంకా తగ్గుతుంది. రోజు అవసరం 2.2 మైక్రోగ్రాములు, బిళ్లలో 1500 ఉంటుంది. ఇది మోసం కాదు. పెద్ద మోతాదులో ఒక శాతం దాకా పేగు గోడ గుండా దానంతట అదే ఇంకుతుంది, అంటే 15 మైక్రోగ్రాములు చేరతాయి. చిక్కు జతబిళ్లల్లో. అరికాళ్ల తిమ్మిరికని బి6 ఎక్కువున్న బిళ్ల నెలల తరబడి వేసుకుంటే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిరి పెరగొచ్చు. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడి, బి12 లోపం నరాలను లోపల్లోపల తింటూ పోతుంది.

విటమిన్ డి సంగతిలో జరిగే పొరపాటు ఇంకా మోటుది. 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. చీటీలోని ఆ 'వారానికి' అన్న మాట చదవలేక రోజూ పాలల్లో కలుపుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మతి తప్పడం, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్తుంది. లోపం చూడకుండా అందరికీ ఇవ్వడం వల్ల లాభమూ లేదు. అమెరికాలో 25,871 మందికి రోజూ 2,000 యూనిట్లు ఇచ్చి చూస్తే గుండెజబ్బులు గాని, క్యాన్సర్లు గాని, ఎముకలు విరగడం గాని తగ్గలేదు.

కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాముల బిళ్లలో అసలు కాల్షియం 500. అన్నం తిన్నాక వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఐరన్ బిళ్లతో కలిపి మింగకూడదు, థైరాయిడ్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మరోపక్క వంద గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది దగ్గరే ఆగుతుంది. 2017లో ఒడిశా చిరుధాన్యాల మిషన్ మొదలైన ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి ఉన్నాయి. అంబలి మానేసిన ఇళ్లలోకి ఆ చోళ్లే ఇప్పుడు బిస్కెట్టు రూపంలో తిరిగి వస్తున్నాయి.

పసుపు బిళ్లలకూ ఇలాంటి కథే. గంజాం పొరుగున కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పసుపులోని కర్క్యుమిన్ ఉత్తగా తింటే ఒంటికి దాదాపు పట్టదు. 1998లో బెంగళూరు శాస్త్రజ్ఞులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల మిరియపు సత్తు పైపరిన్ కలిపితే రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగిందని చూపారు. కాలేయం దాన్ని విరిచి బయటికి పంపే పనిని పైపరిన్ అడ్డుకుంటుంది. అలా అడ్డుకునేది కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే కాదు, మీరు వేసుకునే ఇతర మందులనూ కావచ్చు. ఈ బిళ్లలతో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఆ భయం లేదు.

2021 ఆగస్టు 15న ప్రధాని చేసిన ప్రకటన తర్వాత 2024 నాటికి రేషను బియ్యమంతా ఫోర్టిఫైడ్ అయింది. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి, యంత్రంలో గింజల్లా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి. ఈ తీరాన కథంతా మొదలుపెట్టిన బి1 మాత్రం ఇష్టమైతే కలపొచ్చన్న జాబితాలో ఉంది. ఆ గింజల రంగు కాస్త వేరుగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని నీళ్ల మీద తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేస్తున్నవి అవే.