ప్రిలిమినరీకీ ఫైనల్‌కీ మధ్య ఏం మారింది?

నైట్ డ్యూటీలో ఉన్న రేడియాలజీ పీజీ తల సీటీ చూసి ప్రిలిమినరీ రిపోర్టు ఇస్తారు. పొద్దున సీనియర్ అదే స్కాన్ చూసి, దిద్దాల్సింది దిద్ది ఫైనల్ చేస్తారు. ఆ దిద్దుబాటు రోగి ఫైలుకు చేరుతుంది. రాసిన పీజీకి మాత్రం చాలాసార్లు చేరదు, అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయి ఉంటారు. తన పొరపాటు తనకే తెలియకపోతే అదే పొరపాటు మళ్లీ చేస్తారు. రెండు రిపోర్టులనూ పోల్చి తేడా చూపే సాఫ్ట్‌వేర్లు అమెరికా బోధనాసుపత్రుల్లో పుట్టింది ఇందుకే.

ఫిలిం రోజుల్లో ఈ ఇబ్బంది ఇంతగా లేదు. స్కాన్‌కు ఒకటే సెట్ ఫిలింలు, అవి వ్యూ బాక్సు మీద ఉండేవి. సీనియర్ అక్కడికే రావాలి, పీజీ కూడా అక్కడే ఉండాలి. "ఈ మూల చూశావా?" అని వేలితో చూపిస్తే పాఠం అయిపోయేది. స్కాన్ బొమ్మలను యంత్రాల మధ్య పంపుకోవడానికి 1985లో ఏసీఆర్-నెమా ప్రమాణం, 1993లో దాని తర్వాతి రూపం డైకామ్ వచ్చాయి, ఆ తర్వాత బొమ్మలను కంప్యూటర్లో భద్రపరిచి చూపే ప్యాక్స్ వ్యవస్థ ఆసుపత్రుల్లో స్థిరపడింది. బొమ్మను ఏ గదిలోంచైనా తెరవగలిగారు, సంతకం ఎక్కడినుంచైనా పెట్టగలిగారు. రిపోర్టులు త్వరగా వచ్చాయి కానీ, ఇద్దరూ పక్కపక్కన కూర్చునే సమయం తగ్గిపోయింది.

2002లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ రాడ్‌పీర్ అనే అంకెల పద్ధతి మొదలుపెట్టింది. పాత స్కాన్‌ను మళ్లీ చూసేటప్పుడు ముందటి రిపోర్టుతో ఏకీభవిస్తే 1, తప్పిపోయిన అంశం తేలిగ్గా కనబడాల్సిందైతే 4. తర్వాత 2016లో దీన్ని మూడు మెట్లకు కుదించారు. అయితే ఇది చదువు పూర్తయిన డాక్టర్లు ఒకరి పని ఒకరు చూసుకునే పద్ధతి. నేర్చుకుంటున్నవారికి అంకె ఒక్కటే ఇస్తే ఎక్కడ, ఎందుకు తప్పారో తెలియదు. వారికి మాటకు మాట తేడా కావాలి. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయం వారు 2012లో ఇలా తేడా చూపే రిపోర్ట్ కంపారేటర్‌ను, 2013లో ట్రైనీ రిపోర్ట్ డాష్‌బోర్డును వివరిస్తూ వ్యాసాలు ప్రచురించారు. 2016లో అలాంటిదే కంపారిజన్-బాట్ అనే సాఫ్ట్‌వేర్ గురించిన వ్యాసం వచ్చింది.

లోపలి పని చూడటానికి చిన్నదే. ఆసుపత్రి కంప్యూటర్ల మధ్య రిపోర్టులు హెచ్ఎల్7 అనే ప్రమాణంలో సందేశాలుగా ప్రయాణిస్తాయి. ఆ సందేశంలో ఓబీఆర్ అనే వరుసలోని 25వ గడి రిపోర్టు స్థితిని చెబుతుంది: పి అంటే ప్రిలిమినరీ, ఎఫ్ అంటే ఫైనల్, సి అంటే సవరణ. ఒకే యాక్సెషన్ నంబరు (ఒక్కో స్కాన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న పి, ఎఫ్ పాఠాలను జత చేసి తేడా కట్టాలి. తేడా కట్టే సూత్రం కొత్తదేం కాదు. యూనిక్స్ కంప్యూటర్ల కోసం రాసిన, రెండు పాఠాల తేడా చూపే డిఫ్ అనే ప్రోగ్రాం 1970ల నుంచీ ఉంది.

చిక్కంతా జత కుదర్చడంలోనే ఉంది. కొన్ని డిక్టేషన్ వ్యవస్థలు ఫైనల్ రాగానే పాత పాఠం మీద కొత్తది రాసేస్తాయి, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. అందుకే పి సందేశం వచ్చిన క్షణంలోనే వేరే డేటాబేస్‌లో భద్రపరచాలి. ఒక్కో కేసుకు పి నాలుగైదు సార్లు రావచ్చు. సీనియర్‌తో మాట్లాడాక పీజీ తానే దిద్ది మళ్లీ సేవ్ చేస్తే, చివరి పి పాఠంలో సీనియర్ దిద్దుబాటు అప్పటికే కలిసిపోయి ఉంటుంది. అప్పుడు తేడా సున్నా అని చూపిస్తుంది. పోల్చాల్సింది సీనియర్ నోరు విప్పకముందు క్యాజువాలిటీ డాక్టర్లు చూసిన పాఠాన్ని.

పాత డిఫ్ వరుసలను పోలుస్తుంది. రిపోర్టు ఒకే పేరాగా ఉంటే ఒక్క కామా మారినా పేరా మొత్తం మారినట్టు చూపిస్తుంది, కాబట్టి పదాలుగా విడగొట్టాలి. ఫైండింగ్స్ (స్కాన్‌లో కనబడినవి) భాగాన్ని ఫైండింగ్స్‌తో, ఇంప్రెషన్ (చివరి నిర్ధారణ) భాగాన్ని ఇంప్రెషన్‌తో పోల్చాలి. లేదంటే ఒక వాక్యం చోటు మారడం కూడా కొట్టివేతగా లెక్కకొస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం ఎన్ని పదాలు మారాయన్న లెక్కను నమ్మడం. 200 పదాల రిపోర్టులో "నో న్యుమోథొరాక్స్"లోని "నో" ఒక్కటి తీసేస్తే మార్పు అర శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందన్న సంగతి తప్పిపోయినట్టు ఆ అర శాతమే చెబుతోంది. మరో సీనియర్ తనకు నచ్చిన టెంప్లేట్ పెట్టి 60 పదాలు మార్చినా అర్థం అంతే ఉండొచ్చు. మార్పు పరిమాణంతో వరుస పెట్టే తెర రెండోదాన్ని పైకి తెచ్చి, మొదటిదాన్ని అడుగున పడేస్తుంది. మా అభిప్రాయంలో సంతకం చేసేటప్పుడే సీనియర్ ఒక్క నొక్కుతో "భాష", "చిన్న తేడా", "చికిత్స మారుతుంది" అని గుర్తు పెట్టడం ఏ సూత్రం కన్నా మేలు. ఆ గుర్తు పీజీకి, నేర్పేవారికి మాత్రమే కనబడాలి. మార్కులకు ముడిపెడితే సీనియర్లు మొహమాటపడి అన్నిటికీ "భాష" అనే నొక్కుతారు.

మన దగ్గర ఎండీ రేడియోడయాగ్నసిస్ మూడేళ్లు. పీజీలు లాగ్‌బుక్ రాస్తారు. ఎన్ని కేసులు చూశారో అందులో ఉంటుంది గానీ, రాసిందాంట్లో ఏది మారిందో రాసే గడి కూడా పక్కన ఉండాలి.

ఫైనల్ కూడా తప్పు కావచ్చు. సీనియర్ కొట్టేసిన గడ్డే బయాప్సీలో కేన్సర్‌గా తేలితే, అసలు సరిగ్గా చూసింది పీజీయే. తేడా చూపి ఆగిపోయే సాఫ్ట్‌వేర్ ఆ పీజీకి తప్పు పాఠం నేర్పుతుంది. అందుకే ఇద్దరి మాటా కలవని కేసులను పక్కన పెట్టి, పాథాలజీ రిపోర్టో ఆపరేషన్ నోటో వచ్చిన రోజున ఇద్దరికీ మళ్లీ పంపే జాబితా అందులోనే ఉండాలి.