రిక్రూటర్లు సోషల్ మీడియాలో ఏం వెతుకుతారు? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. చుట్టాల పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు ఫోన్ తీసి, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ చూపించి, "అక్కా, ఇందులో ఏం మార్చాలి?" అని అడుగుతారు. మేం రోజంతా పోస్టులు చూస్తూ, వాటిలో మెరిసినవాళ్ళని ఏరుకుంటామని చాలామంది అనుకుంటారు. మేం చేసేది వెతుకులాట. కొన్ని మాటలు టైప్ చేస్తాం, అవి ఎవరి ప్రొఫైల్‌లో ఉంటే వాళ్ళు కనిపిస్తారు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే కింది అపోహల్లో సగం పుట్టాయి.

అపోహ: పోస్టు కింద "ఇంట్రెస్టెడ్" అని కామెంట్ పెడితే వాళ్ళే పిలుస్తారు

"500 ఓపెనింగ్స్, ఫ్రెషర్స్ కూడా అప్లై చేయొచ్చు, కింద ఇంట్రెస్టెడ్ అని రాయండి." ఇలాంటి పోస్టు చూడనివాళ్ళు ఉండరు. కామెంట్లు పెరిగేకొద్దీ ఆ పోస్టు ఇంకా ఎక్కువమందికి చేరుతుంది. అందులో లాభమంతా పోస్టు పెట్టినవాళ్ళదే. వేల కామెంట్లలో ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి చూసే తీరిక ఏ రిక్రూటర్‌కీ ఉండదు. నిజంగా ఖాళీ ఉన్నవాళ్ళు అప్లై లింకో, జాబ్ ఐడీయో, కంపెనీ మెయిల్ ఐడీయో ఇస్తారు. మూడింటిలో ఒక్కటీ లేదంటే ఆ పోస్టుని వదిలేయండి. కామెంట్‌లో ఫోన్ నంబర్ మాత్రం అస్సలు పెట్టకండి. ఆ నంబర్లు ఏరుకునేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ గురించి చివర్లో చెబుతాను.

అపోహ: రోజూ పోస్టులు పెడుతూ, ఫాలోవర్లని పెంచుకుంటేనే కనిపిస్తాం

కోర్సులు అమ్ముకునేవాళ్ళకి ఈ మాట బాగా పనికొస్తుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి అంతగా కాదు.

కంపెనీలు డబ్బు కట్టి తీసుకునే లింక్డ్‌ఇన్ రిక్రూటర్ అనే టూల్ ఒకటుంది. మీకు ఫోన్‌లో కనిపించే లింక్డ్‌ఇన్‌కీ దానికీ పోలిక తక్కువ. అందులో హోదా, స్కిల్స్, ఊరు, ఎన్నేళ్ళ అనుభవం అని ఫిల్టర్లు ఉంటాయి. ఆపైన ఆండ్, ఆర్, నాట్ అనే మాటలు కలిపి వెతుకుతాం. జావా ఉండాలి, స్ప్రింగ్ బూట్ గానీ మైక్రోసర్వీసెస్ గానీ ఉండాలి, ట్రైనర్ అనే మాట ఉండకూడదు, ఇలాగన్నమాట. మీ ఫాలోవర్ల లెక్క ఇందులో ఎక్కడా రాదు.

పెద్ద సర్వీస్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఇక్కడే దెబ్బ పడుతుంది. హోదా "అసోసియేట్" అనో "సిస్టమ్స్ ఇంజినీర్" అనో ఉంటుంది. ఆ మాటని బట్టి ఎవరేం చేస్తారో తెలియదు. టెస్టింగ్ చేసేవాళ్ళదీ అదే హోదా, డేటా ఇంజినీరింగ్ చేసేవాళ్ళదీ అదే. అందుకే హెడ్‌లైన్‌లో, అంటే ప్రొఫైల్‌లో పేరు కింద ఉండే లైన్లో, మీరు చేసే పని, వాడే టూల్స్ పేర్లు రాయండి. "డ్రీమర్, లెర్నర్, టెక్ ఎంతూజియాస్ట్" అని పెట్టుకుంటే బాగానే ఉంటుంది గానీ, డ్రీమర్ కావాలని ఏ మేనేజరూ మమ్మల్ని అడగడు. ఊరు దగ్గర కూడా "ఇండియా" అని వదిలేయకుండా హైదరాబాద్ అనో విశాఖ అనో రాయాలి.

లింక్డ్‌ఇన్ ఒక్కటే కాదు, 1997లో మొదలైన నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌కి రెస్‌డెక్స్ అనే రెజ్యూమేల డేటాబేస్ ఉంది. మన దగ్గర రిక్రూటర్ల పని చాలావరకు ఇప్పటికీ అక్కడే నడుస్తుంది. ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళనే చూపించమని అందులో అడగొచ్చు. ఆర్నెల్లుగా లాగిన్ కానివాళ్ళు ఎంత బాగా పనిచేసేవాళ్ళయినా ఆ జాబితాలోకి రారు. నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక ఇంకా పనిచేయాల్సిన రోజులు) ఫిల్టర్ కూడా ఉంది. 90 రోజుల నోటీసు ఉన్నవాళ్ళని చాలా మేనేజర్లు ముందే పక్కన పెట్టమంటారు. మీరు ఇప్పటికే రాజీనామా చేసి ఉంటే, చివరి రోజు ఏ తారీఖో ప్రొఫైల్‌లో రాసుకోండి. పది పోస్టులు పెట్టినదానికన్నా ఈ ఒక్క లైనుకే ఎక్కువ కాల్స్ వస్తాయి.

ఇంకో చిన్న మాట. లింక్డ్‌ఇన్‌లో మేం పరిచయం లేనివాళ్ళకి పంపే మెసేజీలని ఇన్‌మెయిల్స్ అంటారు. వాటికి లెక్క ఉంటుంది, ఒక్కోదానికి ఒక క్రెడిట్ ఖర్చవుతుంది. మీరు 90 రోజుల్లోపు జవాబిస్తే ఆ క్రెడిట్ మాకు తిరిగి వస్తుంది. కాబట్టి "ఇప్పుడు మారే ఆలోచన లేదండీ" అని ఒక్క ముక్క రాసినా మాకు మేలే. మర్యాదగా జవాబిచ్చినవాళ్ళు గుర్తుంటారు కూడా.

మరి పోస్టులు దండగా అంటే, అందరికీ కాదు. మార్కెటింగ్, డిజైన్, కంటెంట్ పనుల్లో ఉన్నవాళ్ళకి వాళ్ళ పోస్టులే పని నమూనాలు. డెవలపర్లు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌ని మేనేజర్ ఇంటర్వ్యూకి ముందు ఒకసారి తెరిచి చూసే అవకాశం ఉంది.

అపోహ: "ఓపెన్ టు వర్క్" పెడితే చులకనైపోతాం, ఆఫీసులో తెలిసిపోతుంది

ఉద్యోగం వెతుకుతున్నానని లింక్డ్‌ఇన్‌లో చెప్పుకునే గుర్తు ఇది. అందులో రెండు రకాలున్నాయి. ఫొటో చుట్టూ పచ్చ పట్టీ వచ్చేది అందరికీ కనిపిస్తుంది. రిక్రూటర్లకి మాత్రమే కనిపించేది రెండోది. మీ కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా లింక్డ్‌ఇన్ చూస్తుంది గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వదు. ఉద్యోగంలో ఉంటే రెండోది వాడండి. ఉద్యోగం పోయినవాళ్ళు పచ్చ పట్టీకి సిగ్గుపడాల్సిందేమీ లేదు. లేఆఫ్‌లు ఇన్ని చూశాక కూడా దాన్ని చులకనగా చూసే రిక్రూటర్ ఉంటే లోపం అతనిదే.

అపోహ: హెచ్‌ఆర్ వాళ్ళు ఫేస్‌బుక్, ఇన్‌స్టా మొత్తం తవ్వుతారు

ఒక్క పొజిషన్‌కి వందల రెజ్యూమేలు చూసేవాళ్ళకి మీ గోవా ఫొటోలు చూసే టైం ఎక్కడిది? బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే ఫేస్‌బుక్ వెతకడమని కూడా చాలామంది అనుకుంటారు. మామూలుగా అందులో చూసేది డిగ్రీ సర్టిఫికెట్లు, పాత కంపెనీ ఇచ్చే నిర్ధారణ, అడ్రస్, పీఎఫ్ యూఏఎన్‌లో (ఉద్యోగి పీఎఫ్ నంబర్‌లో) ఉన్న సర్వీస్ వివరాలు. ఒకే నెలలో రెండు కంపెనీల పీఎఫ్ పడితే అది అక్కడే బయటపడుతుంది.

సోషల్ మీడియా వల్ల దొరికిపోయేది ఎక్కువగా తేదీల దగ్గర. రెజ్యూమేలో 2019 నుంచి ఒకే కంపెనీ అని ఉంటుంది, లింక్డ్‌ఇన్‌లో అదే కాలానికి వేరే కంపెనీ కనిపిస్తుంది. అమీర్‌పేట్‌లో కొనుక్కున్న దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చాలాసార్లు ఇలాగే తేలిపోతుంది. పాత కంపెనీ క్లయింట్‌ని పేరుపెట్టి తిట్టిన పోస్టులు, లోపలి స్క్రీన్‌షాట్లు బహిరంగంగా కనిపిస్తే మాత్రం కచ్చితంగా ఇబ్బందే. అలాగని ఎవరూ చూడరనీ చెప్పను. పెద్ద హోదాలకీ, బయటి జనంతో మాట్లాడే ఉద్యోగాలకీ చూసే కంపెనీలున్నాయి. మీరే బహిరంగంగా పెట్టిన సమాచారానికి తాను వర్తించనని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే చెబుతోంది. కులం, మతం, పెళ్ళి, కడుపుతో ఉండటం లాంటివి అక్కడ చూసి మనసులో పెట్టుకునే రిక్రూటర్లు అసలు లేరని నేను అనలేను. అది తప్పు. అందుకే వ్యక్తిగత అకౌంట్లకి తాళం వేసుకోమంటాను.

ఈ భయానికి ఇంకో కారణం అమెరికా వీసా. 2025 జూన్‌లో స్టూడెంట్ వీసాలకీ, డిసెంబర్‌లో హెచ్1బీ, హెచ్4లకీ సోషల్ మీడియా అకౌంట్లని పబ్లిక్‌గా ఉంచమన్నారు. అది కాన్సులేట్ తనిఖీ. దానికీ మాదాపూర్‌లో ఉద్యోగానికీ సంబంధం లేదు.

అపోహ: ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొడవ

డ్రైవర్లు, డెలివరీ, షోరూమ్ సేల్స్, నర్సుల ఉద్యోగాలకి లింక్డ్‌ఇన్ కన్నా వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ గ్రూపులు, అప్నా లాంటి యాప్‌లు ఎక్కువ నడుస్తాయి. అక్కడ హెడ్‌లైన్లతో పనిలేదు. ఫోన్ ఎత్తితే సగం పని అయినట్టే.

అపోహ: కంపెనీ లోగో ఉంది, ఆఫర్ లెటర్ వచ్చింది, కాబట్టి నిజమే

లోగో ఎవరైనా కాపీ చేస్తారు. ఇంటర్వ్యూ లేకుండా టెలిగ్రామ్‌లో సెలెక్ట్ చేయడం, జీమెయిల్ నుంచి ఆఫర్ రావడం, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, "బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అనడం, వీటిలో ఏది కనిపించినా మోసమే అనుకోండి. కామెంట్లలో ఫోన్ నంబర్లు ఏరుకునేది ఇలాంటివాళ్ళే. మా లైన్లో డబ్బు ఎటు నుంచి వస్తుందో తెలిస్తే మోసపోరు. మనిషిని పెట్టినందుకు కన్సల్టెన్సీకి కంపెనీయే ఫీజు ఇస్తుంది. మామూలుగా చెప్పుకునే రేటు వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఇక్కడి ఉద్యోగాలకి క్యాండిడేట్ దగ్గర తీసుకోవాల్సిన అవసరమే లేదు.

విదేశీ ఉద్యోగాల్లో ప్రమాదం డబ్బుతో ఆగదు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ అని ఆన్‌లైన్‌లో చాలామందిని నమ్మించి, సరిహద్దు దాటించి మయన్మార్ సైబర్ మోసాల కేంద్రాల్లో పడేశారు. 2025 మార్చిలో అక్కడి నుంచి వైమానిక దళ విమానాల్లో వెనక్కి వచ్చిన 500 మందికి పైగా భారతీయుల్లో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. విదేశాలకి పంపుతామనే ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ చార్జి గరిష్ఠంగా రూ.30,000, పైన జీఎస్టీ. తెలంగాణ వాళ్ళకి విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే, ఇంట్లో ఏమంటారోనని ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి వెళ్ళకముందే ఆపగలిగితేనే తిరిగి దక్కే అవకాశం ఎక్కువ.