పీడీ యాక్ట్ ఢిల్లీ చట్టమా? ఒక అనంతపురం వకీలు రాస్తున్న అపోహలు – వాస్తవాలు

నేను అనంతపురంలో క్రిమినల్ కేసులు చూసే వకీలును. ఈమధ్య ఒకామె మా ఆఫీసుకు వచ్చి, "సారూ, మా పిల్లోణ్ణి జైలుకు తోలకపోయినారు. బెయిలు ఎప్పుడు ఇప్పిస్తావు?" అని అడిగింది. కాగితాలు చూస్తే పీడీ యాక్ట్, అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం. దీంట్లో బెయిలు అనేది ఉండదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె వెంట వచ్చిన పెద్దాయన, "ఇవన్నీ ఢిల్లీవాళ్ల చట్టాలు కదా సార్. అన్నగారు ఉండుంటే ఇట్ల జరగనిచ్చేవాడా?" అన్నాడు. చదువుకున్నవాళ్ల నోటా ఇదే మాట వింటుంటాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: పీడీ యాక్ట్ కేంద్రం తెచ్చిన చట్టం.

వాస్తవం: కాదు. సారా కాసేవాళ్లు, దోపిడీ ముఠాలు, మత్తుమందుల వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారులు వంటివాళ్లను ముందుగానే నిర్బంధించడానికి మన శాసనసభే చేసిన చట్టం అది. 1986లో రాష్ట్రం చేసిన చట్టాల్లో దానిదే ఒకటో నంబరు. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీఆర్, మన హిందూపురం ఎమ్మెల్యే. రాష్ట్రాల హక్కుల కోసం ఢిల్లీతో గట్టిగా కొట్లాడిన నాయకుడి ప్రభుత్వమే ఈ చట్టం చేసింది. ఆయనంటే నాకు గౌరవం తక్కువై చెప్పడం లేదు. రాష్ట్రం హక్కు వేరు, మనిషి హక్కు వేరు అని తెలియాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

రాజ్యాంగం ఈ అధికారాన్ని ఇద్దరికీ పంచింది. దేశ రక్షణ, విదేశీ వ్యవహారాల పేరుతో నిర్బంధించే చట్టం పార్లమెంటే చేయాలి. పబ్లిక్ ఆర్డర్ పేరుతో నిర్బంధించే చట్టం కేంద్రమూ చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు. అది ఉమ్మడి జాబితాలో మూడో అంశం.

ఆ ఇంటివాళ్లకు నేను చెప్పిన లెక్క ఇది. ఆర్డర్ మీద కలెక్టర్ సంతకం పెడతారు. 12 రోజుల్లో ప్రభుత్వం దాన్ని ఆమోదించాలి, లేకపోతే అది చెల్లదు. ఎందుకు పట్టుకున్నారో 5 రోజుల్లోపు ఆ మనిషికి కాగితం మీద చెప్పాలి. మూడు వారాల్లో ఫైలు, ఆ నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా బోర్డు ముందుకు వెళ్లాలి, ఏడు వారాల్లోపు బోర్డు అభిప్రాయం చెప్పాలి. గరిష్ఠంగా 12 నెలలు లోపల ఉంచొచ్చు. బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. నేరం రుజువు కాకుండానే ఏడాది జైలు! ఇన్నేళ్ల ప్రాక్టీసు తర్వాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది.

అపోహ: 1984లో ఎన్టీఆర్‌ను తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టారు.

వాస్తవం: పెట్టలేదు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. మెజారిటీ ఎవరిదో రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే తేలాలని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో చెప్పింది. ఈ విషయంలో ఎన్టీఆర్ వాదన పూర్తిగా న్యాయమైనదని నేను నమ్ముతాను.

అపోహ: "కేంద్రం మిథ్య" అని ఆయన అన్నాడు కాబట్టి అధికారం రాష్ట్రానికి వస్తే మనకు స్వేచ్ఛ వచ్చినట్టే.

వాస్తవం: ఆ మాట నిధుల గురించి, అధికారాల గురించి, రాష్ట్రాల గౌరవం గురించి. స్టేషన్‌లో కూర్చోబెట్టిన మనిషి గురించి కాదు. పోలీసు శాఖ మొదటి నుంచీ రాష్ట్ర జాబితాలోనే ఉంది. మన గడప తొక్కే కానిస్టేబుల్ రాష్ట్ర ఉద్యోగే.

ఎమర్జెన్సీని చూడండి. మీసా, అంటే అప్పటి ఆంతరంగిక భద్రతా చట్టం, పార్లమెంటు చేసిన చట్టమే. కానీ దాని కింద నిర్బంధ ఆర్డర్ ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు, జిల్లా మేజిస్ట్రేట్లకు కూడా ఉండేది. చట్టం ఢిల్లీలో పుట్టినా సంతకం జిల్లాలోనే పడేది. అక్రమంగా పట్టుకున్నారని కోర్టుకు వెళ్లే దారి కూడా ఎమర్జెన్సీలో ఉండదని 1976లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 44వ సవరణ వచ్చింది. దాని ప్రకారం ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల (శిక్షల విషయంలో రక్షణ, ప్రాణ స్వేచ్ఛల హక్కు) అమలును ఆపలేరు. మనిషికి రక్షణ అక్కడ దొరికింది, అధికారం ఢిల్లీ నుంచి హైదరాబాదుకో అమరావతికో మారడం వల్ల కాదు.

అపోహ: రౌడీషీట్ ఉంటే పీడీ పెట్టేయొచ్చు.

వాస్తవం: పాత కేసులుంటే చాలదు. ఆ మనిషి వల్ల పబ్లిక్ ఆర్డర్ దెబ్బతింటుందని చూపించాలి. ఇద్దరు సంతలో కొట్టుకుంటే అది లా అండ్ ఆర్డర్ సమస్య, మామూలు కేసు పెట్టి తేల్చాలి. ఊరంతా భయపడి తలుపులు వేసుకునే పరిస్థితి వస్తే అది పబ్లిక్ ఆర్డర్. ఈ తేడాను 1965లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసు వేసింది రామ్‌మనోహర్ లోహియా, తన నిర్బంధం మీదే. 2023లో అమీనా బేగం కేసులో తెలంగాణ నిర్బంధాన్ని కొట్టేస్తూ కోర్టు మళ్లీ అదే తేడా గుర్తుచేసింది. అక్కడ వాడుతున్నదీ మన 1986 చట్టమే, రాష్ట్రం విడిపోయాక వాళ్లకూ వచ్చింది.

అపోహ: ఇలాంటి కేసులకు ఢిల్లీ దాకా పోవాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. 226వ అధికరణం కింద మన హైకోర్టులోనే హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమని అడిగే పిటిషన్) వేయొచ్చు. తల్లి వేయొచ్చు, భార్య వేయొచ్చు. వకీలు దగ్గరకు వచ్చేటప్పుడు నిర్బంధ ఆర్డర్, కారణాల కాగితం, అది చేతికి అందిన తేదీ, ఈ మూడూ పట్టుకురండి. ప్రభుత్వానికి విన్నపం పంపి ఉంటే దాని నకలు, పోస్టు రసీదు కూడా. కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇచ్చారా లేదా అన్నది తప్పకుండా చూడండి. అర్థం కాని భాషలో ఇస్తే చెప్పినట్టు కాదని 1962లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఆమె తెచ్చిన సంచిలో కారణాల కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కొడుకు ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాడు. పిటిషన్‌లో మొదటి పేరా దానితోనే మొదలుపెట్టాను.