గురువు కుర్చీలో కంప్యూటర్

2024 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ నగరంలో, సెయింట్ పీటర్ ప్రార్థనాలయంలోని పాపసంకీర్తన గదిలోకి (చేసిన తప్పులను ఫాదర్‌కు చెప్పుకునే గది) వెళ్లినవారికి జాలీ అవతల ఫాదర్ లేరు. తెర మీద ఏసు ముఖం కనిపించింది. మాట్లాడింది కృత్రిమ మేధ. ఏ భాషలో అడిగితే ఆ భాషలో, దాదాపు వంద భాషల్లో జవాబు చెప్పేది. రెండు నెలల్లో సుమారు 900 సంభాషణలు నమోదయ్యాయి. లోపలికి అడుగు పెట్టబోయేవారికి ఒక హెచ్చరిక ఉండేది: సొంత వివరాలు చెప్పకండి అని. పాపసంకీర్తన గదిలో సొంత విషయం చెప్పకూడదట! ఇది పాపసంకీర్తనం కాదు, ఒక ప్రయోగం మాత్రమే అని నిర్వాహకులు అన్నారు. అయినా కొందరు మనసు విప్పే మాట్లాడారు.

తెలుగు కథోలికులు ఫాదర్‌ను గురువు అనే పిలుస్తారు. బడిలో పాఠం చెప్పేవారూ మనకు గురువే. చిత్రమేమిటంటే, ఈ రెండు కుర్చీల కోసమూ కంప్యూటర్ పోటీకి దిగింది ఒకే దశకంలో.

ముందు, మనసు విప్పి చెప్పుకునే కుర్చీ సంగతి. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' అనే ప్రోగ్రామ్ వివరాలు ప్రచురించాడు. మానసిక వైద్యుడిలా మాట్లాడించడానికి ఆయన వాడింది చిన్న కిటుకు. "నా స్నేహితుడే నన్ను ఇక్కడికి రప్పించాడు" అని టైపు చేస్తే, "మీ స్నేహితుడు మిమ్మల్ని ఇక్కడికి రప్పించాడు" అని అదే మాట తిప్పి అచ్చు వేసేది. 'అమ్మ' అన్న పదం కనబడితే "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనేది. అర్థం చేసుకోవడం దానికి బొత్తిగా రాదు. ఆయన దాన్ని తయారు చేస్తున్న నెలలన్నీ కళ్లారా చూసిన ఆయన కార్యదర్శి, ఒకరోజు దానితో నాలుగు మాటలు మాట్లాడాక, కాసేపు గదిలోంచి వెళ్లమని ఆయననే అడిగింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడనివారు వేరే ఉన్నారు. కెనెత్ కోల్బీ అనే మానసిక వైద్యుడు, తన సహచరులతో కలిసి, ఇలాంటి కంప్యూటర్ గంటకు కొన్ని వందల మంది రోగులను చూడగలదని అదే ఏడాది రాశాడు. గంటకు వందలమంది! తిరునాళ్లలో సోది చెప్పేవారికి కూడా ఆ వేగం లేదు. వైజెన్‌బామ్ 1976లో ఏకంగా ఒక పుస్తకమే రాసి, కొన్ని పనులు కంప్యూటర్ చేయగలిగినా దానికి అప్పగించకూడదని వాదించాడు. తన సొంత రంగంలోనే చాలామందికి కానివాడయ్యాడు.

బడి వైపు కథ ఇంత గొడవగా సాగలేదు. అదే 1966లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు పాట్రిక్ సప్పీస్, అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ దొరికినట్టు కొన్నేళ్లలో లక్షలాది బడిపిల్లలకు ఒక్కొక్కరికీ ఒక గురువు దొరుకుతాడని ఆశపడ్డాడు. 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్, విడిగా గురువు దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి తరగతి గదిలో నేర్చుకున్నవారిలో 98 శాతం మందిని మించిపోతాడని ప్రకటించాడు. తరువాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనబడలేదు గాని, ఆ లెక్క ఈనాటికీ వ్యాపార ప్రకటనల్లో తిరుగుతూనే ఉంది.

మన దేశంలో నికరంగా తేలిన ఫలితాల్లో ఒకటి ఢిల్లీది. కంప్యూటర్‌తో చదువు చెప్పే మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమంపై 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ప్రోగ్రామ్ ఒక్కొక్కరి స్థాయి కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల వచ్చింది. అయితే ఒక్కో తరగతి తొంభై నిమిషాలు, అందులో సగం సేపే కంప్యూటర్ ముందు. మిగతా సగం చిన్న గుంపుగా కూర్చోబెట్టి చూసుకోవడానికి మనిషి ఉండేవారు. ఏకలవ్యుడికి మట్టిబొమ్మ చాలింది నిజమే, కానీ అందరు పిల్లలూ ఏకలవ్యులు కారు.

మతం వైపు యంత్రం మన ఊళ్లలోకి 'కంప్యూటర్ జాతకం' బోర్డుతో వచ్చింది. పుట్టిన తేదీ, సమయం, ఊరు చెబితే గ్రహస్థితులు, దశలు లెక్కగట్టి కాగితం అచ్చు వేసి ఇచ్చేది. ఆ కాగితం పట్టుకుని జనం మళ్లీ సిద్ధాంతిగారి గుమ్మమే ఎక్కేవారు. లెక్క యంత్రానిది, మాట మనిషిది. 2019లో జపాన్‌లోని క్యోటోలో కొదైజీ ఆలయం నిలబెట్టిన 'మిందార్' అనే బోధిసత్వ రోబో కూడా ముందుగా రాసిపెట్టిన ప్రసంగమే వినిపించింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ రావడంతో ఆ హద్దు చెరిగిపోయింది. కొద్ది వారాల్లోనే భగవద్గీత పేరుతో సలహాలిచ్చే ప్రోగ్రామ్‌లు మన దేశంలో పుట్టాయి. ధర్మం కోసమైతే చంపడం తప్పు కాదని వాటిలో కొన్ని జవాబిచ్చినట్టు పత్రికలు బయటపెట్టాయి. అర్జునుడికి చెప్పిన మాటను సందర్భం నుంచి ఊడబెరికి, ఎవరో తెలియని మనిషి చేతిలో పెట్టడమన్నమాట.

2024 ఏప్రిల్‌లో అమెరికాలోని 'కాథలిక్ ఆన్సర్స్' సంస్థ తెర మీద మాట్లాడే ఫాదర్ జస్టిన్ అనే బొమ్మగురువును తెచ్చింది. తాను నిజమైన గురువునేనని అది చెప్పుకుంది. అడిగినవారికి పాపవిమోచన ఇచ్చింది. అత్యవసరమైతే గేటరేడ్ పానీయంతో బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వవచ్చనీ అంది. రెండు మూడు రోజుల్లోనే సంస్థ దాని గురువస్త్రాలు విప్పించి, మామూలు దుస్తులు తొడిగి, వట్టి 'జస్టిన్' అని పేరు మార్చింది.

2025 జనవరి 28న వాటికన్ కృత్రిమ మేధపై ఒక సుదీర్ఘ పత్రం వెలువరించింది. అందులో చదువు గురించి ఒక భాగం ఉంది. ఉపాధ్యాయుడు ఎదుట ఉండటం వల్ల ఏర్పడే బంధాన్ని యంత్రం కల్పించలేదన్నది అందులో ఒక మాట. ఈ ప్రోగ్రామ్‌లలో చాలావరకు జవాబు చేతిలో పెడుతున్నాయే తప్ప, విద్యార్థిని జవాబు దాకా నడిపించడం లేదన్నది మరొకటి. అరవై ఏళ్ల కిందటి ఎలిజాకు జవాబు చెప్పడం అసలు రానే రాదు. ఎదుటి మనిషి చేత ఇంకా మాట్లాడించడం ఒక్కటే దానికి తెలుసు.